గోడ దూకిన గుర్రం

మా బైండింగ్ షాపులో పేజీల కట్టలు తారుమారైన పుస్తకాలను మూలన పడేస్తాం. అలాంటి బొమ్మల పుస్తకం ఒకటి మా అక్క కూతురికి ఇచ్చాను. బడికి కొత్తగా వెళ్తున్న పిల్ల, మేం పిడుగు అంటాం. అసలు కథలో ఒక పాప సోఫా చేతిని గుర్రం అనుకుని ఎక్కుతుంది, గోడ దూకుతుంది, తిరిగి తిరిగి ఇంటికొచ్చి పడుకుంటుంది. పిడుగు పుస్తకంలో ఆఖరి కట్టను ముందు కుట్టేశారు. దాంతో ఆ పుస్తకంలో పాప ముందే పడుకుని, లేచి, గుర్రమెక్కి గోడ దూకి పోతుంది. అంతే, కథ సరి.

మా బావకు చెయ్యి లేవడానికి కారణం అక్కర్లేదు. ఆ రోజు చొక్కా మీద ముడత కనిపించిందట. బెల్టుతో అక్కను వాయించి, చెయ్యి మెలిపెట్టి విరిచాడు. పిడుగు సోఫా చేతి మీదెక్కి, కళ్లు గట్టిగా మూసుకుని మడమలతో తన్నుతోంది.

"గుర్రమా నీ మొహం! దిగవే!" అని జుట్టు పట్టి విసిరేశాడు. పిల్ల నోరంతా నెత్తురు.

అన్నేళ్లూ నోరు మూసుకుని తన్నులు తిన్న మా అక్క, మంచి చేత్తో ఇస్త్రీపెట్టె ఎత్తి ఆయన దవడ పగలగొట్టింది. పిల్లను వీపునేసుకుని మా షాపుకు పరిగెత్తుకొచ్చింది.

"అమ్మే గుర్రం, పిన్నీ!" అంది పిడుగు, చిట్లిన పెదవితోనే.

నేను మాత్రం సంబరపడలేదు. అక్క ఇలా రావడం, ఆయన బతిమాలగానే వెనక్కి పోవడం మాకు మామూలే. ఈసారి పోతే పిల్ల ప్రాణం కూడా దక్కదని నా భయం.

అక్క షాపులోనే ఉండి, కాగితాల కట్టలు కోసే కటింగ్ మిషన్ పిడిని ఒంటిచేత్తో లాగడం నేర్చుకుంది. ఆయన రానే వచ్చాడు. దవడకు పట్టీ, నోట్లో తేనె, చేతిలో అదే పుస్తకం, కొత్తది. కటింగ్ మిషన్ బల్లే దొరికింది మహానుభావుడికి, దాని మీద, సరిగ్గా కత్తి కింద, ఆఖరి కట్ట తెరిచాడు.

"చూడమ్మా, గుర్రం ఇంటికొచ్చేసింది. మనమూ పోదామా?"

పిడుగు నా వైపు తిరిగింది. "నిజంగా వచ్చేస్తుందా పిన్నీ?"

ఏం చెప్పను? కొత్త పుస్తకమే సరైనది. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క వచ్చి పిడి పట్టుకుంది. "చెయ్యి తియ్యి," అంది. పెళ్లయ్యాక ఆయన్ని ఏకవచనంలో పిలవడం అదే మొదలు.

"ఏంటే, నన్నే?" ఆయన నవ్వి, ఆ పేజీ మీద అరచెయ్యి పరిచాడు. "లాగు చూద్దాం."

అక్క లాగింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేలోపే కత్తి దిగింది. చూపుడువేలి కొస తెగి, ఇంటికొచ్చిన పాప బొమ్మలున్న ఆఖరి కట్టతో పాటు కింద పడింది. చెయ్యి పట్టుకుని అరుస్తూ వీధిలోకి పరిగెత్తాడు. నేను షట్టర్ దించేశాను.

అక్క మిగిలిన పుస్తకాన్ని పిడుగు చేతికిచ్చింది. ఆఖరి పేజీలో ఇప్పుడు గుర్రం గోడ మీద ఎగురుతోంది.

"ఇప్పుడు చదువు," అంది.