నోట్లో నిలిచినంత సేపు

నీళ్ల కుండ రంజన్ కింది ఇసుకను బాలరాజ్ మళ్లీ వేళ్లతో తడిమి చూశాడు. తడి ఆరిపోతోంది. చెంబెడు నీళ్లు తెచ్చి చుట్టూ చిలకరించాడు. ఆ ఇసుకలో మెడదాకా కూరుకుని, తడి గోనెపట్టా చుట్టుకుని, ఒక నల్లటి సీసా నిటారుగా నిలబడి ఉంది. నిన్న పొద్దుటి నుంచీ దానికి ఇదే మర్యాద. ఇంటికొచ్చిన అల్లుడికి కూడా బాలరాజ్ ఇన్నిసార్లు నీళ్లు అందించి ఉండడు.

"ఫ్రిజ్‌ల పెడితే మూగదైతది. బయట పెడితే ఉడుకుతది. ఏం జేస్తవో నీ ఇష్టం," అన్నాడు జగదీశ్వర్ సారు నిన్న, మంచంలోంచే. మార్చి ఎండలకు ఇబ్రహీంపట్నంలో చల్లగా, అలాగని మరీ చల్లగా కాకుండా ఉండే చోటు వెతకమంటే చదువుకున్నవాళ్లు తల గోక్కుంటారు. బాలరాజ్‌కు అంత సేపు పట్టలేదు. ముప్పై ఏళ్లు కల్లు లొట్టిని ఎండ నుంచి కాపాడినవాడికి ఫ్రెంచి సీసా ఒక లెక్కా!

బాలరాజ్‌కు అరవై రెండేళ్లు. మనిషి సన్నగా, తాటిపట్టెలా ఉంటాడు. చెట్టుకు ఒరుసుకుని ఒరుసుకుని గుండెల మీద చర్మం నల్లగా కాయలు కాచింది. మోకు బిగించుకున్న నడుము చుట్టూ ఇప్పటికీ ఒక మచ్చ ఉంది. ఎడమ కాలు కొంచెం పొట్టి. పద్నాలుగేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మోకు తెగి చెట్టు మీంచి పడినప్పుడు తుంటి విరిగింది. కాలు అతికి లేచి నడిచేసరికి అతను ఎక్కే చెట్లున్న నేలంతా ప్లాట్లై, రాళ్లు పాతుకుని ఉంది. చెట్టూ లేదు, ఎక్కే కాలూ లేదు. ఒకదాని కోసం ఒకటి ఏడవాల్సిన పని లేకుండా పోయిందని అతని పెళ్లాం అనంతమ్మ అప్పట్లో అనేది. ఆమె మాట అలాగే ఉంటుంది, కారం తగ్గదు.

అప్పుడే సాగర్ రోడ్డు పక్కన జగదీశ్వర్ సారు ఇల్లు కట్టుకున్నాడు. ఈ ఊరి రైతు కుటుంబమే. చదువుకుని పట్నంలో పెద్ద హోటల్లో చేరి, వచ్చినవాళ్లకు వైన్ పోయడం, పోసేవాళ్లకు నేర్పడం పనిగా ముప్పై ఏళ్లు చేశాడు. తాను తాగింది తక్కువ, పోసింది ఎక్కువ. మామిడిచెట్లకు నీళ్లు పెట్టడానికి మనిషి కావాలంటే బాలరాజ్ వచ్చాడు. వచ్చిన మొదటి నెలలోనే ఒక ఘనకార్యం చేశాడు. బీరువా దుమ్ము దులుపుతూ, లోపల సీసాలన్నీ పడుకుని ఉండటం చూసి, పాపం పడిపోయాయనుకుని ఒక్కొక్కటే లేపి వరసగా నిలబెట్టాడు. సారు చూసేసరికి నెల దాటింది. తిట్టలేదు. కుర్చీ వేయించి కూర్చోబెట్టి, బిరడా ఎండిపోతే గాలి జొరబడుతుందనీ, అందుకే సీసా పడుకోవాలనీ గంటసేపు చెప్పాడు. ఆ గంట పన్నెండేళ్లు సాగింది.

ప్రతి ఆదివారం ఏదో ఒక మామూలు సీసా తెరిచి బాలరాజ్‌కు ఒక గుటక పోసేవాడు. గ్లాసును కాడ దగ్గర పట్టుకో, చేతి వేడి తగలనియ్యకు. గుండ్రంగా తిప్పు. ముందు ముక్కు, తర్వాత నోరు. నాలుక మీద తిప్పుకో, గటగటా మింగకు. "మింగినంక అసలు పని మొదలైతది," అనేవాడు. రెండో ఆదివారమే బాలరాజ్ వాసన చూసి "దీంట్ల మిరియం ఉన్నది సారూ," అన్నాడు. సారు గ్లాసు కింద పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు. అందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముందో బాలరాజ్‌కు అర్థం కాలేదు. కళ్లు మూసుకుని వాసన చూసి ఏ చెట్టు కల్లో చెప్పగలిగినవాడతను. పులిసిన రోజు కల్లు అమ్మే మండువా దగ్గర నిలబడి "ఇయ్యాల తాగకుండ్రి, మంచిగ లేదు," అని తన బేరం తానే చెడగొట్టుకున్నవాడు. కాకపోతే అంతకు మించి మాటలు రావు. "దేవుడు నీకు ముక్కిచ్చి నోరు మర్శిండు," అంటుంది అనంతమ్మ.

ఇసుకలో ఉన్నది మామూలు సీసా కాదు. తెరిచే ముందు మడ్డి అడుక్కి దిగాలని సారు చెబితేనే దాన్ని నిలబెట్టాడు. ఫ్రాన్సులో బోర్డో వైపు ద్రాక్షతోటలది, షాటో మార్గో, 1996. సారు రిటైరైనప్పుడు ఒక ఫ్రెంచి ఆసామి చేతిలో పెట్టి వెళ్లాడు. మంచి రోజు చూసి తెరుద్దామనుకున్నాడు సారు. కూతురు హర్షిత పెళ్లినాడు మందిలో ఎవరికి చాలుతుందని ఆగాడు. భార్య అరవయ్యో పుట్టినరోజుకు అనుకుంటే ఆమె యాభై తొమ్మిదికే పోయింది. ఆ తర్వాత ఏ రోజూ అంత మంచిదిగా కనబడలేదు. ఏ పెళ్లికూతురూ ఇన్ని ముహూర్తాలు తప్పించుకుని ఉండదు.

పోయినేడు సారు గొంతులో గడ్డ లేచింది. దవాఖానలో ముప్పై మూడు రోజులు రేడియేషన్ కరెంటు పెట్టారు. గడ్డ కరగనైతే కరిగింది గానీ ముక్కూ నాలుకా రెండూ పోయాయి. చింతపులుసైనా చక్కెరైనా ఒకటే. ఇప్పుడు గడ్డ మళ్లీ వచ్చింది, ఈసారి డాక్టరు కరెంటు మాట ఎత్తలేదు. మొన్న రాత్రి సారు బాలరాజ్‌ను పిలిచి చెప్పాడు.

"ఆ సీసా తెరుద్దాం. నువ్వు తాగు, నాకు చెప్పు. ఇరవై తొమ్మిదేండ్లది, బతికున్నదో సచ్చిందో తెల్వది. ఏదున్నా నిజం చెప్పాలె. నన్ను ఖుష్ చేద్దామని అబద్ధం చెప్పినవనుకో, మొకం సూడ."

అప్పటినుంచీ బాలరాజ్‌కు అన్నం సయించడం లేదు. సీసా బతికి ఉంటే ఆ సంగతి చెప్పడానికి తనకు మాటలేవి? చచ్చి ఉంటే, పోయే మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పాలి?

మధ్యాహ్నం హర్షిత మీర్‌పేట్ నుంచి మెత్తగా పిసికిన అన్నం డబ్బాతో వచ్చింది. బడిలో లెక్కల టీచరు, సెలవు పెట్టి వచ్చింది. తండ్రికి చెంచాతో తినిపించి, వంటింట్లో బాలరాజ్ గ్లాసులు వేడినీళ్లతో కడుగుతుంటే పక్కకు వచ్చి నిలబడింది.

"కాకా, గది ఎట్లున్నా మంచిగుందనే చెప్పు. బాపుకు తెల్వది కదా."

"తెలుస్తది బిడ్డా."

"ఎట్ల తెలుస్తది? వాసన రాదు, రుచి రాదు."

"నా మొకం కనిపిస్తది కదా," అన్నాడు బాలరాజ్. హర్షిత కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది.

నాలుగింటికి సారును వరండాలోకి తెచ్చి వాలుకుర్చీలో కూర్చోబెట్టారు. బాలరాజ్ ఇసుకలోంచి సీసాను పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి తెచ్చాడు. బిరడా సగంలో విరిగింది. మిగతా సగాన్ని చెమటలు కక్కుతూ ముక్కలు ముక్కలుగా తీశాడు. గాజు కూజా మూతికి సబ్బు తగలని పలుచటి బట్ట కట్టి, హర్షిత సీసా మెడ కింద ఫోను లైటు పట్టుకుంటే, అందులోకి సన్నటి ధారగా వంచాడు. మడ్డి సీసా భుజం దాకా రాగానే టక్కున ఆపాడు. సారు మెచ్చుకోలుగా తలూపాడు.

తర్వాత కూజాలోంచి ఒక గుటక గ్లాసులో పోసుకుని, వరండా మెట్ల దాకా నడిచి, చెప్పులు విడిచి, బాలరాజ్ దాన్ని మట్టిలో పోసేశాడు.

"అయ్యో కాకా!" అంది హర్షిత.

బాలరాజ్ అప్పుడు తేరుకున్నాడు. జీవితమంతా లొట్టి దించిన ప్రతిసారీ కులదేవత ఎల్లమ్మకు సాకగా నేల మీద రవంత పోశాకే నోట్లో పెట్టుకున్నాడు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఎంత పని చేశానని నిలువునా బిగుసుకుపోయాడు. సారు నవ్వుతున్నాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వాడు.

"హోటల్ల మొదటి గుటక బిల్లు కట్టేటోనికి పోస్తం. ఎల్లమ్మ నయం, వంకలు పెట్టది. నువ్వు పోసుకో."

బాలరాజ్ పోసుకున్నాడు. తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు పెట్టుకున్నాడు. తండ్రి కుర్చీ వెనక నుంచి హర్షిత చేతులు జోడించింది. మంచిగుందనే మాట అతని నాలుక కొస దాకా వచ్చింది. అనడం ఎంత సుళువు!

"ఏం వస్తలేదు సారూ. మూసిన అర్ర వాసన. తడి గోడ."

సారు మొహంలో నవ్వు ఆరిపోయింది. "పోయిందన్నట్టు," అన్నాడు మెల్లగా. "ఉంచుకున్నది నేనే కదా. తప్పు దానిది కాదు." హర్షిత చూపు బాలరాజ్‌ను కోసేసింది. అతను గ్లాసు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడి గోడ వెనక ఇంకేదో ఉంది. పేరు తెలియదు గానీ, ఉంది.

"సచ్చిన వాసన గిట్ల ఉండది సారూ. పులుపు కొట్టాలె, కొడ్తలేదు. గిది నిద్రల ఉన్నది. ఇరవై తొమ్మిదేండ్లు పండుకున్నోన్ని లేపి ఎంటనే ముచ్చట పెట్టమంటే పెడ్తడా? జర ఆగుండ్రి."

బాలరాజ్ ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం సారు ఎప్పుడూ వినలేదు. "నాకే పాఠం చెప్తున్నవురా," అన్నాడు. ఆ గొంతులో ప్రాణం లేచి వచ్చింది. హర్షితను కాగితం, పెన్నూ అడిగి తెప్పించుకున్నాడు. తన వంతు గ్లాసులో కూడా రవంత పోయించుకుని పక్క బల్ల మీద పెట్టుకున్నాడు, రంగైనా చూద్దామని.

గంట గడిచింది. ఎండ వాలి చెరువు వైపు నుంచి గాలి మొదలైంది. బాలరాజ్ గ్లాసు ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే నిలబడిపోయాడు.

"చెప్పు," అన్నాడు సారు.

"అల్లనేరేడు. చెట్టు కింద రాలి, జర ఎండింది." మళ్లీ వాసన చూశాడు. "మా అవ్వ సందుగ మూత తీసినట్టున్నది. కట్టె వాసన. అండ్ల చుట్టపొగాకు దాసేది. ఇంక... ఇంక దర్గాల గులాబీలుంటయి చూడుండ్రి, చాదర్ మీద. రెండో రోజువి. గవి." సారు పెన్ను కదులుతూనే ఉంది. "లేశింది సారూ. మంచిగ లేశి కూసున్నది." చెబుతుంటే బాలరాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. అబద్ధం చెప్పాల్సిన పని తప్పినందుకు తిరిగాయో, ఆ వాసన సారుకు అందనందుకు తిరిగాయో అతనికే తెలియదు.

"తాగు."

తాగాడు. నాలుక మీద తిప్పుకున్నాడు. "పట్టుబట్ట లెక్క ఉన్నది. ఆఖర్ల జర ఒగరు, లేత తాటిముంజె తోలు అంత. దుఃఖం లేదు సారూ దీంట్ల."

హర్షిత తండ్రి భుజం నిమిరి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. వెళ్లేటప్పుడు బాలరాజ్ చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుంది.

"ఇంకో గుటక," అన్నాడు సారు. గొంతు బాగా సన్నబడింది. "మింగి, లెక్కపెట్టు. నోట్ల రుచి ఎంతసేపు ఉంటదో గంత గొప్పది."

బాలరాజ్ మింగి, కళ్లు మూసుకున్నాడు. కల్లు రుచి చూసినప్పుడూ అతను అంతే, కళ్లు తెరిచి రుచి చూడలేడు. "ఒకటి... రెండు..." ఇరవై దగ్గర నేరేడు పోయింది, కట్టె వాసన మిగిలింది. నలభై దగ్గర గులాబీ వెనక్కి వచ్చింది. "యాభై. ఇంక ఉన్నది సారూ." అరవై దాటింది. "ఉన్నది, పోతలేదు." సారు ఏదో అంటాడని ఒక అంకె ఆగాడు. లోపల టీ గిన్నె మూత శబ్దం వినబడింది. బాలరాజ్ కళ్లు తెరిచాడు.

సారు తల కుర్చీకి ఆనుకుని కొంచెం పక్కకు వాలి ఉంది. పెదాలు రుచి చూస్తున్నట్టు రవంత తెరుచుకుని ఉన్నాయి. పెన్ను ఒళ్లోకి జారింది. బాలరాజ్ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. తర్వాత కింద కూర్చుని ఆ పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. నోట్లో రుచి ఎప్పుడు పోయిందో అతను చూసుకోలేదు. హర్షిత టీ కప్పుతో వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు, ఆమెను చూసి తల అడ్డంగా ఊపాడు.

ఇరుగుపొరుగు వచ్చారు. సారును లోపలికి తీసుకుపోయారు. వరండా ఖాళీ అయ్యాక, కూర్చోలేక, బాలరాజ్ గ్లాసులు తీయబోయాడు. గాలికి ఎగరకుండా పెట్టినట్టు, సారు గ్లాసు కింద ఆ కాగితం ఉంది. ఎప్పుడూ ఇంగ్లీషులో రాసుకునే మనిషి తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. బాలరాజ్ కూడబలుక్కుంటూ చదివాడు. పైన సీసా పేరు, సంవత్సరం. దాని కింద, రుచి చూసిన నిపుణుడు: బాలరాజ్ గౌడ్ గారు. ఆ తర్వాత వరసగా తడి గోడ, అల్లనేరేడు, అవ్వ సందుగ, రెండో రోజు గులాబీలు, పట్టుబట్ట. ఒక్క మాట కూడా మార్చలేదు. అన్నిటికంటే కింద 'నోట్లో నిలిచిన సేపు' అని రాసి, పక్కన చిన్న గీత గీసి ఉంది. గీత తర్వాత తెల్ల కాగితం, దాని మీద గ్లాసు అడుగు వదిలిన ఎర్రటి తడి సున్నా.