నిమ్మచెక్క తుడిచేసిన కబురు

1994 మే పన్నెండు, గురువారం. ఆ రోజు పొద్దున పది గంటలకు నా మీద మొదటిసారి తిండి పెట్టారు. పేపరు ముక్కలో బొరుగుల ఉగ్గాని, దాని పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. నన్ను అప్పుడే నేలలో పరిచిన మేస్త్రీ నా పక్కనే గొంతుక్కూర్చుని తిన్నాడు. తిన్నాక చేతికంటిన నూనెను నా మీదే తుడిచాడు. అదే నా మొదటి మరక.

నేను ఒక నాపరాయిని. పుట్టింది బేతంచెర్ల గనిలో. పొరలు పొరలుగా పడుకుని ఉన్న మావాళ్ళ మధ్య నుంచి నన్ను ఉలితో విడదీసి, రెండడుగుల చదరంగా కోసి, లారీలో నంద్యాలకు తెచ్చారు. ఒక చిన్న మిద్దె ఇంటి వంటగదిలో, కిటికీకి దగ్గరగా వెల్లకిలా పడుకోబెట్టారు. అప్పటి నుంచి నాకు పనులు రెండే. పైకి చూడడం, పడినదాన్ని భరించడం.

మనుషులు అలా కాదు. వంటింట్లోకి వచ్చినవాళ్ళ కళ్ళు ముందు నేలను వెతుకుతాయి. కింద చుక్క కనిపిస్తే గుడ్డ తెస్తారు. ఆ చుక్క ఎక్కడి నుంచి పడిందని తల ఎత్తేవాళ్ళు అరుదు.

ఇల్లు కట్టించినది ఖాజా పీరా అనే బడిపంతులు. ఆయన భార్య మహబూబ్‌బీకి నా మీది బజ్జీ నూనె మరక చూడగానే కోపం రాలేదు. బడి నుంచి తెచ్చిన సుద్దముక్కను పొడి చేసి మరక మీద చల్లి, రెండు రోజులు ఎవరినీ తొక్కనివ్వలేదు. సుద్ద నూనెను తాగింది. నన్ను గీకకుండా, రుద్దకుండా శుభ్రం చేసిన మనిషి ఆవిడే. ఆ రెండు రోజులూ ఆ ఇంట్లో అందరూ నన్ను దాటుకుంటూ నడిచారు. రాయికి అంత మర్యాద దొరకడం మాటలా!

2009లో ఆ ఇంటిని మార్కెట్ యార్డులో గుమాస్తాగా పనిచేసే మద్దిలేటి కొన్నాడు. ఆయన భార్య సుంకులమ్మ. పొయ్యి గట్టు మీద కూరగాయలు తరగడం ఆమెకు చేతకాదు. మధ్యాహ్నం మూడు దాటాక కత్తిపీట తెచ్చుకుని, సరిగ్గా నా మీద, కిటికీ గాలి తగిలేచోట కూర్చుంటుంది. ఒక కాలు మడిచి, ఒక కాలు చాపి, గంటసేపు. ఆ గంట ఆమెది. ఎవరూ పిలవరు, ఎవరూ ఏమీ అడగరు.

ఆమెకు ఒక గర్వం ఉంది. తన వంటింట్లో మరక నిలవదు. పసుపు పడితే సబ్బునీళ్ళు పోసి ఎండ తగిలేలా కిటికీ తెరుస్తుంది. నూనె పడితే శనగపిండి. మాడిన గిన్నెకు బూడిద, చింతపండు. వీధిలో ఆడవాళ్ళు చీర మీద మరక పడితే ముందు సుంకులమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు.

మిద్దె మీద, సరిగ్గా నా నెత్తిన, నీళ్ళ ట్యాంకు ఉంది. మోటారు ఆపడం మరిచిపోవడం ఆ ఇంటి అలవాటు. ట్యాంకు పొంగేది, నీళ్ళు మిద్దె మీదే నిలిచేవి. అవి మెల్లగా స్లాబులోకి దిగాయి. ముందు పైన తడి మచ్చ కనిపించింది. తర్వాత దాని అంచు గోధుమరంగుకు తిరిగింది. తర్వాత వెంట్రుకంత చీలిక. కొన్నేళ్ళ పాటు నేను దాన్నే చూస్తూ పడుకున్నాను. నాకు వేరే చూడడానికి ఏముంది?

ఒకరోజు ఆ చీలిక నుంచి ఒక చుక్క జారి నా మీద పడింది. ఎర్రగా ఉంది. లోపలి ఇనుప కడ్డీ తుప్పు పట్టిందని నాకు ఆ చుక్కే చెప్పింది.

అది ఒక కబురు. సుంకులమ్మ మరుసటి రోజు పొద్దున నిమ్మచెక్కకు ఉప్పు అద్ది దాన్ని తుడిచేసింది.

మళ్ళీ వారానికి ఇంకొకటి. మళ్ళీ నిమ్మచెక్క. తుప్పు మరకకు నిమ్మపులుసు మంచి మందే. కాని నేను సున్నపురాయి జాతిని, పులుపు నన్ను కొరుకుతుంది. మరక పోయినప్పుడల్లా నాలో కొంచెం పోయేది. మూడేళ్ళలో నా మధ్యన రూపాయి బిళ్ళంత గుంట పడింది. అక్కడ నలుపు పోయి తెల్లగా, గరుకుగా తేలింది. ఆమె దాన్ని చూసి, మరక బాగా పోయిందనుకుంది.

పోయిన ఎండాకాలం మద్దిలేటి వంటింటిని కొత్తగా చేయిద్దామన్నాడు. తోటి గుమాస్తా ఇంట్లో పొగగొట్టం, తలుపుల అరలు చూసి వచ్చిన వేడి అది. చేతిలో రెండు లక్షల నలభై వేలున్నాయి. పాత క్యాలెండరు వెనక జాబితా రాశాడు. గ్రానైటు గట్టు, అరలు, చిమ్నీ, గోడ టైల్సు, రంగులు, కూలీ. నేల మాత్రం ఉండనిద్దామంది సుంకులమ్మ, చల్లగా ఉంటుందని. అట్లా నేను మిగిలాను.

చూడడానికి వచ్చిన మేస్త్రీ చాంద్ బాషా చేతిలో కర్ర ఉంది. లోపలికి వస్తూనే తల ఎత్తాడు. నాకు ఆ మనిషి వెంటనే నచ్చాడు. కర్రతో స్లాబును అక్కడక్కడా తట్టాడు. నాలుగుచోట్ల గట్టి శబ్దం. నా పైన తట్టినప్పుడు మాత్రం ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు గుల్లగా మోగింది.

"సార్, ఈడ గుల్లగుండాది. లోపల కడ్డీ తుప్పు తినింటాది. ట్యాంకు పక్కకు జరిపి, ఇదంతా రాలగొట్టి, కడ్డీకి మందు పూసి కట్టాల. నలభై ఐదు వేలవుతాది."

"కనపడని దానికి నలభై ఐదు వేలా?" అన్నాడు మద్దిలేటి. "నువ్వు గోడలు చూడమంటే నెత్తిన చూస్తాండావేందప్పా!"

చాంద్ బాషా సుంకులమ్మ వైపు తిరిగాడు. "అక్కా, కింద ఎర్రగా చుక్కలేమన్నా పడతాండాయా? నిజం చెప్పు."

ఆ ఒక్క ప్రశ్నకు ఆమె ఏం చెబుతుందోనని నేను కాచుకున్నాను.

"నా వంటింట్లో మరకా?" అంది సుంకులమ్మ. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "వెతుక్కో నాయనా. ఒక్కటి చూపిస్తే నీ కూలి రెండింతలిస్తా."

అతను వెతికాడు. నిజమే, ఒక్కటీ లేదు. నా మీది గుంట మీద అతని కాలు పడింది, జరిగింది. కాళ్ళకు చెప్పులున్నాయి, గరుకు తెలియలేదు.

"అది కావాలంటే చిమ్నీ వదులుకో మే," అన్నాడు మద్దిలేటి భార్యతో.

"చిమ్నీ లేకపోతే ఇంగ ఇదంతా ఎందుకు? ఆ పైన కనపడకుండా ఏమన్నా కప్పించు."

స్లాబు పని జాబితాకు ఎక్కనే లేదు. జాబితా చివర ఫాల్స్ సీలింగ్ అని రాశారు, పదహారు వేలు.

"పుండు మీద పట్టుగుడ్డ కప్పినట్లుంది సార్," అన్నాడు చాంద్ బాషా. కప్పే పని తాను చేయనని, వేరేవాళ్ళను చూసుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

వేరేవాళ్ళు వచ్చారు. తెల్లని పలకలు బిగించి, మధ్యలో గుండ్రని దీపాలు పెట్టారు. చూసినవాళ్ళంతా సినిమా ఇల్లులా ఉందన్నారు. ఎర్ర చుక్కలు నా మీద పడడం ఆగింది. సుంకులమ్మ సంతోషించింది. నాకు మాత్రం చూపు పోయినట్టయింది. ఇక వినడమే మిగిలింది. పలకల మీద నీటిబొట్టు చప్పుడు. అప్పుడప్పుడు ఏదో చిన్నది రాలి, దొర్లి, ఆగిన చప్పుడు. ఆ కింద ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ ఏదో పాట తీస్తుండేది. నాకు గొంతు లేదు. చల్లదనం తప్ప ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం తెల్ల పలక మీద గోధుమరంగు వలయం తేలింది. భోజనానికి వచ్చిన మద్దిలేటి చూశాడు.

"పుట్టీ పెట్టి రంగేస్తే పోతాదిలే," అన్నాడు.

సుంకులమ్మ యథాప్రకారం కత్తిపీట వేసుకుని కూర్చుంది. దోసకాయ సగం తరిగింది. పలకల సందులోంచి చిన్న శబ్దంతో ఏదో పళ్ళెంలో పడింది. రాతిపొడి కలిసిన తుప్పు పెచ్చు, గోరంత. ఆమె దాన్ని వేళ్ళతో నలిపింది. వేళ్ళు ఎర్రబడ్డాయి. ఆ రంగు ఆమె ఎరుగును. నా వైపు వంగి, గరుకుగా ఉన్నచోట అరచెయ్యి ఉంచింది. అప్పుడు తల ఎత్తింది.

పదిహేనేళ్ళలో అక్కడ కూర్చుని ఆమె పైకి చూడడం అదే మొదటిసారి.

కత్తిపీట కూడా మడవకుండా లేచిపోయింది. సాయంత్రం మద్దిలేటి యార్డు నుంచి వచ్చేసరికి బియ్యం డబ్బా, పప్పుల సీసాలు వరండాలో ఉన్నాయి.

"సిలిండరు కూడా బయటికి పట్టు," అంది.

"పిచ్చి పట్టిందా మే? రెండు లక్షల నలభై వేలు పెట్టిన వంటిల్లు ఉండగా వరండాలో వండుతావా? ఇరుగుపొరుగు నవ్వరా?"

"నవ్వనీ. తినేదానికి మనం ఉండాల గదా." ఆమె గొంతు తగ్గింది. "ఆ మేస్త్రీ అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలా. కాని నిజం కడిగేసి ఉంటి. పొద్దున్నే పోయి ఆయన్ను పిల్చుకురా. చిమ్నీ అమ్మితే ఎంతొస్తే అంత."

ఆయన ఇంకేదో అనబోయాడు. అప్పుడే పలకల వెనక బరువైనదేదో జరిగింది. రాలలేదు. జరిగింది, అంతే. ఇద్దరూ గుమ్మంలోనే ఆగిపోయారు. మద్దిలేటి వేళ్ళ మీద నడుస్తూ లోపలికి వచ్చి సిలిండరు ఎత్తుకుని పోయాడు.

ఇప్పుడు వరండాలో చారు కాగుతున్న వాసన. ఇక్కడ నేను, నా పైన అది. నాకు తప్పుకునే దారి లేదు. వాళ్ళకుంది, వాళ్ళు తప్పుకున్నారు. రాయి కోరుకోదగ్గది అంతకంటే ఏముంటుంది?

భోజనాలయ్యాక సుంకులమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు. చెయ్యి మాత్రం చాపి దీపాలు ఆర్పింది. తలుపు చప్పుడైతే ఏది కదులుతుందోనని రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డ నిద్రపోయే గదిని మూసినట్టు, మెల్లగా దగ్గరికి వేసింది.