ఒంటె కడుపున పుట్టిన దూడ

రెండువేల ఇరవైమూడు ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. టొరంటో ఉత్తరభాగాన ఒక యూదు ప్రార్థనామందిరపు మేడగది. అక్కడ ఉన్నవారు ఐదుగురు: మతన్యాయసభకు చెందిన ముగ్గురు రబ్బీలు, గుంటూరు జిల్లా నుంచి వచ్చి కాలేజీలో చదువుకుంటున్న నెహెమ్యా, అతని నడవడికి సాక్షిగా స్కార్‌బరో నుంచి బస్సులు మారి వెంట వచ్చిన రూమ్మేట్ రేవంత్.

తెలుగు మాట్లాడుతూ యూదులుగా బ్రతికే కొద్ది కుటుంబాలలో నెహెమ్యాది ఒకటి. తండ్రి జెకర్యా పోయి ఏడాది నిండిననాడు, ఆయన పేరిట ప్రార్థన చెప్పుకోవడానికి అతడు ఈ మందిరానికే వచ్చాడు. అది చెప్పాలంటే పదిమంది యూదు పురుషులుండాలి. అతడు కాక తొమ్మండుగురున్నారు. అతడు ఎదురుగా నిలబడి ఉండగానే వాళ్లంతా పదోవాడి కోసం తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. పదోవాడు రాలేదు. ప్రార్థన సాగలేదు. తనను పుట్టుకతో యూదుడిగా, జెకర్యా కుమారుడిగా లెక్కలోకి తీసుకోమని నెహెమ్యా అర్జీ పెట్టుకున్నది అందుకే.

ముందు సాక్షిని అడిగారు.

"వీడి పాలగిన్నెలో ఒకసారి చికెన్ వండాను సార్," అన్నాడు రేవంత్ తనకు వచ్చిన ఇంగ్లీషులో. "పాలూ మాంసమూ ఒకే గిన్నె తాకకూడదట. వారంపాటు మాట్లాడలేదు. కొత్త గిన్నె కొనిస్తే దాన్ని సూట్‌కేసులో పెట్టి తాళం వేశాడు. నన్ను దొంగను చూసినట్టు చూస్తాడు."

కుర్ర రబ్బీ నవ్వు దాచుకోలేకపోయాడు. పెద్దవారైన రబ్బీ ఫైన్‌గోల్డ్ నెహెమ్యా వైపు తిరిగారు.

"లేవీయకాండం ప్రకారం తినదగిన జంతువుకు గుర్తులేమిటి?"

"చీలిన డెక్క, నెమరు. రెండూ ఉండాలండీ. ఒంటె నెమరు వేస్తుంది, డెక్క సరిగా చీలదు. పందికి డెక్క చీలింది, నెమరు లేదు. రెండూ పనికిరావు."

"ఒక్క గుర్తు చాలదా?"

"డెక్కను ఊరంతా చూస్తుంది. నెమరు, పశువు పక్కన కూర్చున్నవాడికే కనిపిస్తుంది. బయటిదీ లోపలిదీ ఒకదానితో ఒకటి సరిపోవాలని మా నాన్న చెప్పేవాడు. చిన్నప్పుడు సాయంత్రాలు నన్ను గొడ్ల దగ్గర కూర్చోబెట్టి చూపించాడు."

పెద్దాయన తల పంకించారు. ఆ తల పంకించడంలో నెహెమ్యాకు సగం తీర్పు వినబడింది.

"సరే. ఒంటెకు దూడ పుట్టింది. అచ్చం ఆవుదూడే. డెక్క చీలింది, నెమరు వేస్తోంది. తినవచ్చునా?"

ఇదీ తండ్రి వల్లె వేయించిందే. నెహెమ్యా తడుముకోలేదు.

"తినకూడదండీ. ఎన్ని గుర్తులున్నా, అపవిత్రమైనదాని కడుపున పుట్టింది అపవిత్రమే. చూడవలసింది తల్లిని."

చెప్పిన తరువాతగాని తన మాట తనకు వినబడలేదు. చేతులు ఒళ్లోకి దించుకున్నాడు.

"మిమ్మల్ని దానితో పోల్చడానికి అడగలేదు నాయనా," అన్నారు రబ్బీ మెల్లగా. "మీ చదువు చూద్దామనే అడిగాను. కాని పుట్టుకతో యూదుడనేది తల్లి వైపు నుంచే చూస్తాం. మీ అమ్మగారు, వారి అమ్మగారు యూదు స్త్రీలనడానికి మాకు ఆధారం లేదు. ఆ దూడకు లేని దారి మనిషికి ఉంది. మీరు కొత్తగా చేరవచ్చు."

ఒక కాగితం ముందుకు జరిపారు. అందులో ఇలా ఉంది: యూదేతరులకు పుట్టిన నేను యూదుమతంలో చేరగోరుతున్నాను. స్నానవిధి ముగిశాక నా పేరు నెహెమ్యా, అబ్రాహాము కుమారుడు.

రేవంత్ చెవి దగ్గరికి వంగాడు. "ఏందిరా, ఆన్సర్ తప్పా?"

"కాదు. రైటే."

"రైటైతే ఆ మొహమేందిరా?"

నెహెమ్యా కాగితం మీద చివరి మాట దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ జెకర్యా అని రాయకూడదాండీ?"

"కొత్తగా చేరినవారందరికీ తండ్రి అబ్రాహామే. అంతకన్నా గొప్ప తండ్రి ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ. కాని గొడ్ల పక్కన నన్ను కూర్చోబెట్టింది ఆయన కాదు."

కుర్ర రబ్బీ కిటికీ వైపు తిరిగాడు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారేగాని కాగితం వెనక్కి తీసుకోలేదు.

సంతకం చేస్తే వచ్చే ఏటికి లెక్కలోకి వస్తాడు; తండ్రి కోసం నోరు తెరిచి ప్రార్థన చెప్పవచ్చు. అయితే చెప్పేవాడు ఆ మందిరంలో జెకర్యా కొడుకు కాడు. చేయకపోతే కొడుకుగానే ఉంటాడు, నోరు మూసుకుని. నాన్న పేరు నిలవాలా, నాన్నకు ప్రార్థన అందాలా?

నాన్న ఏది కోరుకుంటాడో అతడికి తెలుసు. తెలియకపోతే బాగుండేది.

కలం తీసుకుని సంతకం చేశాడు. రబ్బీ ఫైన్‌గోల్డ్ సిరా ఆరేదాకా ఆగి, కాగితాన్ని రెండు మడతలు పెట్టి, సొరుగులో ఉంచి మూశారు.