ఎర్ర డీజిల్

గొట్టాన్ని పడవ ట్యాంకులోకి దించి, చుక్క కూడా కారకుండా దాని మూతికి గుడ్డ అడ్డం పెట్టాడు పంపు మనిషి. రేవులోని ఆ పంపులో పోసేది రాష్ట్రం పన్ను మినహాయించిన డీజిల్. అది చేపల పడవలకు మాత్రమే. రోడ్డు మీది బండ్లలో పోస్తే ఇట్టే దొరికిపోవాలని అందులో ఎర్రరంగు కలుపుతారు. ఎంత తోమినా ఆ రంగు అతని గోళ్ల సందుల్లోంచి పోయేది కాదు. పెళ్లి చేసుకోలేదు. పంపు వెనక గదిలోనే వంటా, నిద్రా.

"కన్నతల్లి వచ్చి నిలబడినా పడవేదీ అంటాడు ఈయన," అని పడవలవాళ్లు ఏడిపించేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. సరుకుల వ్యాను నడుపుకునే బావ ఒకసారి డబ్బా పట్టుకొచ్చి అడిగినా పోయలేదు. అప్పటినుంచి చెల్లెలు అతని మొహం చూడటం మానేసింది.

ఆ మధ్యాహ్నం అదే వ్యాను కుదుపులతో వచ్చి పంపు ముందు ఆగిపోయింది. నడుపుతున్నది చెల్లెలు. పక్క సీట్లో బావ గుండె పట్టుకుని ముందుకు వాలిపోయి ఉన్నాడు.

"అన్నయ్యా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. ట్యాంకు ఎండిపోయింది. బంకు దాకా కూడా వెళ్లదు."

అతను గొట్టం అందుకున్నాడు.

"నీ ఉద్యోగం..."

"ముందు బావని వెనక పడుకోబెడదాం, పట్టు."

ట్యాంకు నిండుతుండగా ఇద్దరూ కలిసి ఎత్తి, ఖాళీ సంచుల మీద పడుకోబెట్టారు. బావ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"డబ్బా అడిగితే పొయ్యలేదు. ఇప్పుడు ట్యాంకే నింపుతున్నావు బావా," అని నవ్వబోయాడు. ఊపిరి అందలేదు.

సాయంత్రం పన్నుల అధికారి జీపు దిగాడు. వంతెన దగ్గర ఒక వ్యాను ట్యాంకు పరీక్షిస్తే డీజిల్ ఎర్రగా ఉందన్నాడు. "ఎవరు పోశారంటే ఆవిడ నోరు విప్పలేదు."

"నేనేనండీ. ఆవిడ మా చెల్లెలు." వెంటనే అడిగాడు: "ఆసుపత్రికి వెళ్తోందా అండీ, తిరిగి వస్తోందా?"

అధికారి చూపు దించుకున్నాడు. "తిరిగి వస్తోంది. వెనకాల దుప్పటి కప్పి ఉంది. బండి జప్తు చెయ్యలేదు, పంపించేశాను." తర్వాత మెల్లగా, "పంపు తాళాలు మాత్రం ఇచ్చెయ్యాలి," అన్నాడు.

ఇచ్చేసి, చొక్కా మార్చుకుని, వెలుగుండగానే చెల్లెలింటికి నడిచాడు. పంపు పక్కన, చమురు మరకల నేల మీద, మడమ అరిగి పట్టీ తెగితే ఇనపతీగతో కుట్టుకున్న బావ చెప్పు ఒకటి బోర్లాపడి ఉంది.