పడమర ముఖం కొట్టు

నేను ఒక టులెట్ బోర్డును. అంతకు ముందు పదిహేను కిలోల నూనె డబ్బాను. నూనె అయిపోయాక నన్ను నిలువునా చీల్చి, సుత్తితో సాగగొట్టి, అంచులు మడిచి, పైన రెండు చిల్లులు పొడిచి ఇనప తీగ కట్టారు. ముందువైపు పసుపు రంగు పూసి నల్ల అక్షరాలు రాశారు. వెనకవైపు వేరుశనగ కాయల బొమ్మ లీలగా మిగిలిపోయింది. ఆ వైపు ఎప్పుడూ గోడకే ఆని ఉండేది కాబట్టి, నా పూర్వజన్మ సంగతి రామచంద్రపురంలో గోడలకు తప్ప ఎవరికీ తెలియదు.

నన్ను చేయించుకున్నది బ్రోకరు సూరిబాబు గారు. ఆయనకు స్కూటరు ఉంది, కళ్లజోడు ఉంది, ఆ రెండూ ఎక్కడ పెట్టారో గుర్తుండని అలవాటూ ఉంది. నన్ను స్కూటరు మీద కాళ్ల మధ్య నిలబెట్టుకుని ఊరంతా తిప్పేవారు. ఏ ఇంటి నుయ్యి ఉప్పు, ఏ ఇంటి యజమాని నోరు చెడ్డది కానీ మనసు మంచిది, ఏ మేడ మీద మిక్సీ చప్పుడుకి కింద వాళ్లకు తెల్లారుతుంది, అన్నీ ఆయనకు తెలుసు. అయినా జనం మాత్రం, "ఏముందిలే, తాళం తీసి చూపించడమేగా" అనేవారు. పిల్లకు సంబంధం చూసిన పెద్దమనిషికి పట్టుబట్టలు పెట్టేవాళ్లే, మనిషికి సరిపడే ఇల్లు చూసిపెట్టిన వాడికి కాఫీ ఇవ్వడానికి కూడా ఆలోచించేవారు. నేను తప్పు పట్టను. సంబంధం కుదిరితే బాజాలు మోగుతాయి. ఇల్లు కుదిరితే నన్ను దించేస్తారు, అంతే.

నేను ఎక్కువసార్లు వేలాడింది నేతివారి వీధిలో, మాణిక్యాంబ గారి ఇంటి ముందుగది షట్టరుకి. ఆ గది పడమర ముఖం. అందులో ఆవిడ భర్త పురుషోత్తం గారు ముప్పయ్యేళ్లు పుస్తకాల కొట్టు నడిపారట. ఆయన పోయిన ఏడాదే ఎదురుగా ఉన్న పాత సినిమా హాలును కూడా పడగొట్టారు. ఊరు మొదటిది గుర్తుపెట్టుకుంది, రెండోది మరిచిపోయింది.

తరవాత అందులో మిఠాయి కొట్టు పెట్టారు, ఏడాది తిరగకుండా మూసేశారు. ఫ్యాన్సీ కొట్టు వచ్చింది, అదీ అంతే. ఆపైన లైనింగు గుడ్డల కొట్టు. ముగ్గురినీ తెచ్చింది సూరిబాబు గారే. ఒకాయన లడ్డూలు కారిపోతున్నాయని, ఒకావిడ రిబ్బన్లు వెలిసిపోతున్నాయని గొణిగారు గాని, వెళ్లేటప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే: బేరాల్లేవు, జనం అన్నీ ఫోనులోనే కొనుక్కుంటున్నారు. ఆ వీధిలో అప్పటికే సోడాల కొట్టు, గొడుగులు బాగుచేసే కొట్టు మూతపడ్డాయి. కాబట్టి ఇంకో కారణం ఉంటుందేమోనని ఎవరూ వెతకలేదు.

వెతకకపోగా ఒక మాట పుట్టించారు. "పురుషోత్తం గారితోనే ఆ కొట్టుకు కళ పోయింది. కలిసిరాని కొట్టు." ఈ మాట మాణిక్యాంబ గారి ఎదుట ఎవరూ అనలేదు. ఆవిడ వెనకగదిలో ఉన్నప్పుడు, షట్టరు ముందు నిలబడి, నన్ను చదువుతూ అనేవారు. షట్టరు రేకుదే గాని, దాని వెనక తలుపు చెక్కది. మాట లోపలికి వినబడుతుంది.

మూడో కొట్టు ఖాళీ అయ్యాక ఆవిడ మరిది వీరభద్రం గారు వచ్చారు. మంచాయనే, కాకపోతే తనకు తెలియని సంగతి లోకంలో ఉందంటే ఒప్పుకోరు.

"వదినా, ఉగాది దాకా చూద్దాం. ఎవరూ రాకపోతే షట్టరు తీసేసి గోడ కట్టించేస్తాను. వెనక నుంచి దారి పెట్టుకుంటే నా కారుకి షెడ్డు అవుద్ది."

"గోడెందుకయ్యా? ఉండనీ."

"ఎందుకు ఉండనీ? మూడుసార్లు మూతపడ్డాక ఇంకా ఆశేంటి?"

మాణిక్యాంబ గారు కాసేపు నా వైపు చూశారు. "పొద్దున్నే షట్టరు లేచిన చప్పుడు వింటేనే నాకు తెల్లారినట్టు ఉంటుంది. ముప్పయ్యేళ్ల అలవాటు. గోడైతే చప్పుడు చెయ్యదు కదా" అన్నారు.

వీరభద్రం గారు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర సూరిబాబు గారిని పట్టుకున్నారు. "నేను ఫోనులో పెట్టానయ్యా ఈ గదిని. ఫొటోలతో సహా. నాలుగు వందల మంది చూశారు. ఇంక నువ్వెందుకో, ఈ డబ్బా రేకెందుకో నాకు తెలీట్లేదు."

"ఆయ్, చూస్తారండి" అన్నారు సూరిబాబు గారు మెల్లగా. ముగ్గురిని తెచ్చి ముగ్గురినీ ముంచానన్న దిగులు ఆయనకు లోపల ఉంది. స్కూటరు మీద ఆయన మోకాళ్ల మధ్య ప్రయాణం చేసేదాన్ని కదా, నాకు తెలుసు. ఆ గది ముందు నుంచి వెళ్లేటప్పుడు బండి నెమ్మదించేవారు.

వారం తరవాత నా అక్షరాలు వెలిసిపోయాయని నన్ను మళ్లీ రాయించారు. పెయింటరు, "రేపటిదాకా ముట్టుకోకండి, అంటుకుపోద్ది" అన్నాడు. సూరిబాబు గారు నన్ను ఆ ఖాళీ గదిలోనే గోడకు ఆనించి, గాలి ఆడాలని షట్టరు సగం ఎత్తి, భోజనానికి వెళ్లిపోయారు.

ఇక్కడ మనుషుల అలవాటు ఒకటి చెప్పాలి. మా ఊళ్లో కొట్టు చూడాలంటే పొద్దున్నే వస్తారు. మంచి గడియ చూసుకుని, రాహుకాలం తప్పించుకుని, తొమ్మిదింటికో పదింటికో తాళం తీయించుకుంటారు. పాలు పొంగించడం పొద్దునే. వీరభద్రం గారు ఫొటో తీసింది కూడా పొద్దునే, వెలుగు బాగుంటుందని. ఇక ఒంటిగంట అయ్యేసరికి వీధిలో ప్రతి కొట్టువాడూ షట్టరు దించి ఇంటికి వెళ్లి, తిని, ఒక కునుకు తీసి, అయిదింటికి వస్తాడు. అంటే, మధ్యాహ్నం మూడింటికి ఆ గది ఎలా ఉంటుందో దాన్ని కట్టించిన వాడితో సహా ఎవరూ చూసి ఉండరు.

ఆ రోజు నేను చూశాను. ఎదురుగా సినిమా హాలు గోడ ఉన్నన్నాళ్లూ దాని నీడ ఇటు పడేదట. ఇప్పుడు ఆ చోట ఖాళీ స్థలం, పైన ఆకాశం. రెండు దాటేసరికి ఎండ గడప దాటింది. రెండున్నరకు నా దగ్గరకు వచ్చింది. మూడింటికి గది పెనంలా కాలుతోంది, నేను దాని మీది అట్టులా ఉన్నాను.

అప్పుడు వచ్చారు సూరిబాబు గారు, కళ్లజోడు మరిచిపోయి. నా పక్కనే నేల మీద ఉంది. వంగి తీసుకుని, అలవాటు కొద్దీ నా అక్షరం మీద వేలు పెట్టారు. తడి లేదు. రేపటిదాకా ఆరదన్న రంగు ఎండి గట్టిపడింది. ఆశ్చర్యపోయి నన్ను రెండు చేతులతో ఎత్తారు, వెంటనే "అమ్మా" అని వదిలేశారు. వేళ్లు నోట్లో పెట్టుకుని ఎండ వచ్చే వైపు చూశారు.

తరవాత ఆ గదిలోనే ఒక మూల గొంతుక్కూర్చున్నారు. అయిదింటిదాకా లేవలేదు. ఎండ ఎన్ని గచ్చు పలకలు దాటుతుందో, ఎక్కడ గోడెక్కుతుందో చూస్తున్నారు. చొక్కా తడిసి ముద్దయింది. "లడ్డూలు కారిపోవా మరి" అన్నారు ఒకసారి. ఇంకాసేపటికి, "రిబ్బన్లు" అన్నారు.

సాయంత్రం మాణిక్యాంబ గారి దగ్గరకు వెళ్లి నిలబడ్డారు.

"తప్పు నాదేనండి. మూడుసార్లూ పొద్దున్నే చూపించాను. మధ్యాహ్నం ఎలా ఉంటుందో నేనే చూసుకోలేదు. కొట్టుకేం కాలేదమ్మా. ఎదరున్న హాలు పోయింది. ఎండ వచ్చింది. అంతేనండి."

"అయితే ఆయనతో పోయింది కాదా?" అన్నారావిడ.

"కాదండి. ఆ మాటన్న వాళ్లని మూడింటికి ఓసారి పంపించండి, నిలబడతారేమో చూద్దాం."

ఆవిడ నవ్వారు. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నవ్వు అది.

కారణం తెలిసింది గాని, గది ఖాళీగానే ఉంది. ఉగాదికి ఇంక పన్నెండు రోజులు. వీరభద్రం గారి ఇటుకలు వచ్చి గుమ్మం పక్కన చేరాయి. ఎండను ఆపడం ఎలాగని ఇద్దరు ముగ్గురు సలహాలు ఇచ్చారు. సూరిబాబు గారు వేరే దారిలో ఆలోచించారు. ఎండ ఎవరికి కావాలి? ఈ ప్రశ్న వేసుకుని ఆయన ఊరంతా తిరుగుతుంటే నేను వెంట ఉన్నాను. అప్పడాల ఆవిడ దగ్గరకు వెళ్లాం, ఆవిడకు సొంత డాబా ఉంది. ఇంకో ఇద్దరు వినకుండానే తలుపు వేశారు.

చివరికి ఆదిలక్ష్మి దగ్గర ఆగాం. నూలు చీరలకు గంజి పెట్టి, ఆరేసి, మిషన్ మీద రోలింగు చేసి ఇచ్చే మనిషి. ఆవిడ కొట్టు ఉన్న సందులో కొత్తగా అయిదంతస్తుల అపార్టుమెంటు లేచింది. ఎండ మొత్తం అది తాగేసింది. తడి చీరలను బుట్టలో పెట్టుకుని కాలవ గట్టు దాకా మోసుకెళ్తోంది. అక్కడ కాకులు, మేకలు.

"ఈ నెలాఖరుకి మూసేద్దామనుకుంటున్నాం బాబాయిగారు. మొన్న ఒక టీచరుగారి చీర మేక నమిలేసింది. ఆవిడకేం చెప్పాలో చెప్పండి."

"మంగళారం మూడింటికి ఒక తడి చీర పట్టుకుని నేతివారి వీధికి రా."

"మంగళారం మూడింటికా? రాహుకాలం కదండీ. ఎవరైనా కొట్టు చూస్తారా ఆ టైములో?"

"ఎండకి రాహుకాలం లేదమ్మా. రా నువ్వు."

వచ్చింది, కాస్త భయపడుతూనే. ఎవరైనా చూస్తారేమోనని వీధి అటూ ఇటూ చూసి లోపలికి అడుగుపెట్టింది. పెట్టగానే ఆగిపోయింది. ఏ ముగ్గురిని ఆ వేడి తరిమేసిందో ఆ వేడిలోకి చేయి చాపి, అరచేయి తిప్పి తిప్పి చూసుకుంది. గోడలకున్న పాత మేకులకు తాడు కట్టి, చీరను లోపలివైపు బయటికి తిప్పి ఆరేసింది. రంగు పోకుండా అలా వేయాలట. సూరిబాబు గారూ ఆవిడా అరుగు మీద కూర్చున్నారు. మాణిక్యాంబ గారు మజ్జిగ తెచ్చారు. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి చీర గలగలలాడుతోంది.

"కాగితంలాగ ఆరిందండి" అంది ఆదిలక్ష్మి, కొసను వేళ్ల మధ్య నలుపుతూ. "కాకీ లేదు, మేకా లేదు."

"వానాకాలం ఏం చేస్తావమ్మా?" అన్నారు మాణిక్యాంబ గారు. నాలుగోసారి కూడా మూత పడితే అన్న భయం ఆవిడ గొంతులో ఉంది.

"వానాకాలం ఎక్కడైనా వానాకాలమేనండి. బొగ్గుల కుంపటి పెట్టుకుంటాం. మిగతా ఎనిమిది నెలలూ సూరీడు మావాడే."

అప్పుడే వీరభద్రం గారు మేస్త్రీని వెంటబెట్టుకుని కొలతలకు వచ్చారు. సంగతి విన్నారు. "ఫోనులో చూసిన నాలుగు వందల మందిలో ఈవిడ లేదే" అన్నారు.

"ఉన్నా లాభం లేదండి. మీరు పెట్టింది పొద్దుటి ఫొటో" అన్నారు సూరిబాబు గారు. "ఈవిడకి కావలసింది అందులో పడలేదు."

వీరభద్రం గారు గదిలోకి వెళ్లి ఒక నిమిషం నిలబడి, మెడ తుడుచుకుంటూ బయటికి వచ్చారు. మేస్త్రీకి బస్సు చార్జీ ఇచ్చి పంపేశారు. ఇటుకలు మాత్రం ఎవరికి పనికొస్తాయని గొణిగారు. గంజి కాచే పొయ్యికి ఆదిలక్ష్మి అడిగి తీసుకుంది.

మంగళవారం మూడింటికి కొట్టు కుదుర్చుకున్న ఈ జనమే, పాలు పొంగించడానికి మాత్రం ఉగాది నాడు పొద్దున్న ఏడు గంటల పదకొండు నిమిషాలకు ముహూర్తం పెట్టించారు. మనుషులను అర్థం చేసుకోవడం నేను అక్కడితో వదిలేశాను. సూరిబాబు గారు ఈసారి కమీషను వద్దన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పి ఉండరనే అనుకుంటాను.

నన్ను దించి స్కూటరు మీద పెట్టుకోబోతుంటే ఆదిలక్ష్మి అడిగింది. "ఆ రేకు ఇచ్చెయ్యండి బాబాయిగారు. వీధిలోంచి గాలి కొట్టి పొయ్యి మంట నిలవట్లేదు." ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. ఇంకో బోర్డు చేయించుకోవచ్చనుకున్నారేమో, ఇచ్చేశారు.

అలా నేను పొయ్యికి గాలి అడ్డునయ్యాను. అక్షరాల వైపు మంటకు, వేరుశనగల వైపు వీధికి. నాకు ఈ పని నచ్చింది. వేలాడినన్నాళ్లూ ఎవరో ఖాళీ చేసి వెళ్లిన చోటనే నా బతుకు. ఇక్కడ పొద్దున్నుంచి మనుషులే. టీచర్లు, నర్సులు, పెళ్లికి వెళ్లే అమ్మాయిలు. మాణిక్యాంబ గారు కుర్చీ వేసుకుని కూర్చుని ఎవరి చీర ఏ ఊరి నేతో చెబుతుంటారు, సగం తప్పులే చెబుతారు, ఎవరూ దిద్దరు. వీరభద్రం గారి తెల్ల చొక్కాలు వారానికి అయిదు వస్తాయి, గంజి ఎక్కువైందనో తక్కువైందనో ఒక మాటతో పాటు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం సూరిబాబు గారు వచ్చారు. మిషన్ గరగరా తిరుగుతోంది, తాళ్ల మీద పదకొండు చీరలు ఆరుతున్నాయి. చేతికి గుడ్డ చుట్టుకుని నన్ను ఎత్తి, కళ్లజోడు సరిచేసుకుని, ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు.

"అక్షరాలేమైనా మిగిలాయాండి?" అంది ఆదిలక్ష్మి గంజి కలుపుతూ.

"ఏం లేవమ్మా. నల్లగా మాడిపోయాయి" అన్నారాయన. ఆ మాట అనడంలో ఆయనకు ఎంత తృప్తి ఉందో నా రేకుకు తెలిసింది. నన్ను మళ్లీ గాలి వచ్చే వైపు నిలబెట్టి, కదలకుండా అడుగున ఒక ఇటుక ముక్క పెట్టారు.