మంచు కింద చమురు

మేముంటున్న అరబ్బు దేశంలో, హవల్లీ అనే ఊళ్లో మా అమ్మాయి అక్షయ చదివే బడిలో వాదన పోటీ పెట్టారు. ఉత్తర ధ్రువం మాదంటే మాదని రష్యా, కెనడా, డెన్మార్క్ తగువులాడుకుంటున్నాయట. అక్షయ కెనడా తరఫున మాట్లాడాలి. ఆ మంచు కింద బోలెడు చమురుందని అది వల్లె వేస్తుంటే నాకు భయం పట్టుకుంది. మావారు షుఐబాలో చమురు కర్మాగారంలో ఇంజినీరు. అక్కడ తవ్వితే ఇక ఇక్కడి చమురు ఎవరు కొంటారు? ఆయన ఉద్యోగం ఏం కాను?

"నువ్వు ఓడిపోవే తల్లీ!" అని బతిమాలాను.

"పో అమ్మా, మార్కులు పోతాయి!"

మావారు నవ్వారు. "పిచ్చిదానా, అక్కడ తవ్వడానికైనా ఇంజినీర్లు కావాలిగా. నన్నే రమ్మంటారేమో!"

దాంతో ఇంకో భయం పట్టుకుంది. ఏసీ కాస్త పెంచితేనే ఆయనకు తుమ్ములు.

మర్నాడు అక్షయ కప్పు ఊపుకుంటూ వచ్చింది. "గెలిచానమ్మా! ధ్రువం కెనడాదే!"

బయట ఎండ నలభై అయిదు డిగ్రీలుంది. కాశీయాత్రకు కొన్న మంకీ క్యాప్ వెతికి తీసి, ఆయన తలకు తొడిగాను.

"ఉడికిపోతున్నానే!"

"ఇక్కడ అలాగే ఉంటుందండీ. అక్కడికెళ్లాక నన్ను తలుచుకుంటారు."