సగం పియాలా

మా కజకుల ఇళ్లలో టీ సగం పియాలా పోస్తే కూర్చోమని, నిండా పోస్తే ఇక లేవమని. తన మెదడులో నరం చిట్లినప్పటి నుంచి నా భార్య ఉల్జాన్ నాకు నిండుగానే పోస్తోంది. ఎవడో నా మొహం పెట్టుకొచ్చాడని ఆమె అనుమానం. మొహానికీ మమకారానికీ మధ్య దారి తెగిందన్నాడు డాక్టరు. ఫోనులో గొంతు వింటే మాత్రం నన్ను పోల్చుకుంటుంది. అందుకే రోజూ పెరట్లోకి వెళ్లి ఫోన్ చేస్తాను.

మూడు నెలల తర్వాత ఇవాళ సగమే పోసింది. గటగటా తాగేసి, సంబరంగా పెరట్లోకి పరిగెత్తి ఫోన్ చేశాను.

“ఎక్కడ చచ్చావు ముసలోడా?” అంది గుసగుసగా. “తొందరగా రా. ఆ దొంగవెధవకి ఎలుకల మందు కలిపిచ్చా. అనుమానం రాకుండా సగమే పోశాలే.”